ప్రసిద్ధియు గిరాకియు : ఆంగ్లపదవిచారము

ఆంగ్లవాక్యములను దెలుఁగునకు మార్చునపుడు విద్యార్థులకును బండితులకును దఱచుగా నొక్క చిక్కు గలుగుచుండును. ఆంగ్లమున 'ఫేమస్', 'పాప్యులర్', 'సాట్-ఆఫ్టర్', 'ఇన్ డిమాండ్', 'ఇన్ వోగ్' అని వేర్వేఱు మాటలుండఁగా, తెలుఁగున వానికన్నిఁటికిని 'ప్రసిద్ధమైన' యను నొక్కటే విశేషణము వ్రాయఁబడుచున్నది. శిష్యులు మెచ్చిన యుపాధ్యాయుఁడును బ్రసిద్ధుఁడే. రోగులు వెదకికొనివచ్చు వైద్యుఁడును బ్రసిద్ధుఁడే. ఈ యేఁడు స్త్రీలు మోజుపడి కట్టు చీరయుఁ బ్రసిద్ధమే. వినుట కిది సొంపుగనే యుండును. కాని పల్లెలలో వైద్యులకు డిమాండు హెచ్చుగా నున్నదను నర్థముగల యాంగ్లవాక్యమును 'పల్లెలలో వైద్యులు మిక్కిలి ప్రసిద్ధులు' అని మార్చినచో నర్థము తలక్రిందగును. పల్లెలలో వైద్యులు చాలరని మూలము చెప్పుచున్నది. వారచ్చటఁ బేరొందియున్నారని యనువాదము చెప్పుచున్నది. లేమినిఁ దెలుపు మాట కలిమినిఁ దెలుపు మాటగా మాఱినది. కావున నీ పదముల పుట్టుకను, వాని నడుమనున్న భేదమును విచారించుట నిష్ప్రయోజనము కాదు.

ఒక వస్తువునుగాని మనుష్యునిగాని లోకము కోరుచున్నదని చెప్పునపుడు నాలుగు వేర్వేఱు సంగతు లొక్కచోఁ గలిసిపోవుచుండును. జనులు దాని నెఱుఁగుదురా? ఎఱిఁగి మెత్తురా? మెచ్చి వెదకుదురా? వెదకిన దొరకునా? ఎఱుక, మెప్పు, వెదకులాట, కొఱత యను నీ నాలుగును నెల్లవేళలఁ గూడియుండవు. ఎల్లవారు నెఱిఁగిన ప్రాచీనగ్రంథమును గొనువారు కొందఱే యుండవచ్చును. వఱదలో నూరు చుట్టువడినపుడు ఉప్పును గిరసనాయిలును వెదకనివారుండరు; అయినను వానిని బ్రసిద్ధవస్తువులని యెవరు నన్నరు. ఆంగ్లపదములు చాలవఱకీ నాలుగింటిలో నేదో యొకదానిని ముఖ్యముగాఁ బట్టుకొనియుండును. ఆ పట్టునుఁ దెలిసికొన్నచోఁ దెలుఁగుమాట తనంత దొరకును.

మొదట నెఱుకనుఁ దెలుపు పదములు. 'ఫేమస్' అనుదానికి మూలమైన లాటినుపదము 'ఫామా'. దానికి జనులు చెప్పుకొను మాట, వదంతి యని యర్థము. సంస్కృతమునను దారి యిట్టిదే. ఖ్యాతుఁడనఁగాఁ జెప్పఁబడినవాఁడు, విశ్రుతుఁడనఁగా వినఁబడినవాఁడు, ప్రథితుఁడనఁగా వ్యాపించిన పేరు గలవాఁడు. అమరకోశము విశేష్యనిఘ్నవర్గమున నిట్టి శబ్దములఁ బర్యాయములుగా నొకచోఁ జేర్చినది. ఇవి యన్నియుఁ జెప్పుట, వినుట, తెలియుట యను క్రియలనుండి పుట్టినవే కాని కోరుట, వెదకుట, కొనుట యను క్రియలనుండి పుట్టినవి కావు. ప్రసిద్ధశబ్దమును సాధారణముగా నీ కుదురులోఁ జేరినదే. ఆంగ్లమున 'ఫేమస్' అని యున్నచో నీ పదములలో దేనిని వ్రాసినను దోషము లేదు. గిరాకినిఁ దెలుపుచోట మాత్ర మివి యన్నియు నొక్కతీరున విఫలములగును.

రెండవది మెప్పు. 'పాప్యులర్' అను మాట లాటినున జనులకు సంబంధించినదను నర్థముగల 'పొపులారిస్' నుండి వచ్చినది. ఆంగ్లమునఁగూడ మొదట దీనికిఁ 'బ్రజలది' యనియే యర్థము; 'ప్రజలకుఁ బ్రియమైనది' యను నర్థము తరువాత నేర్పడినది. పాతయర్థము నేఁటికిని బోలేదు. ఛార్లెస్ మకే 1841లోఁ బ్రకటించిన గ్రంథమునకు 'ఎక్‌స్ట్రార్డినరీ పాప్యులర్ డెల్యూషన్స్' అని పేరు. ఇందలి 'పాప్యులర్' నకు జనులు మెచ్చిన యని యర్థము చెప్పినచో హాస్యాస్పదమగును. జనసామాన్యమున వ్యాపించిన భ్రాంతులని చెప్పవలయును. కావున నీ పదము గనఁబడఁగనే జనప్రియమని వ్రాయక, జనులదా, జనులకుఁ బ్రియమైనదా యని విచారింపవలయును. 'ఫేవరిట్' అను మాటయు మెప్పునకే చెందును గాని యిందు మెచ్చువాఁ డొక్కఁడుగా నుండవచ్చును. రాజుల కాలమున రాజానుగ్రహము వలన నధికారమునకు వచ్చినవానిని ఫేవరిట్టని యనుచుండిరి. మొదటి జేమ్సు రాజుకు ఫేవరిట్టైన బకింగుహాము డ్యూకు ప్రజలకు నప్రియుఁడై 1628లో హత్య చేయఁబడెను. రాజునకు ఫేవరిట్టైనవాఁడు జనులకుఁ బాప్యులరు కాఁడాయెను. ఈ రెండు మాటలను సమానార్థకములుగా బోధించువారి కీ యొక్క యుదాహరణము చాలును.

మూఁడవది వెదకులాట. 'సాట్-ఆఫ్టర్' అనఁగా వెంబడించి వెదకఁబడునది. దీనికి సంస్కృతమున సరిజోడైన మాట కలదు; అది 'మృగ్యము'. మృగధాతువునకు వెదకుట యర్థము. కుమారసంభవ పంచమసర్గమునఁ బార్వతితోఁ గపటబ్రహ్మచారి రత్నమును గూర్చి పలుకుచోఁ గాళిదాసు ప్రయోగించినదియు నీ ధాతువే. కాని తెలుఁగున నీ శబ్దమునకుఁ బట్టిన గతి విచిత్రము. తెలుఁగువారు 'అచ్చట న్యాయము మృగ్యము' అన్నచో న్యాయము కోరఁబడుచున్నదని కాదు, వెదకినను గానరాదని భావము. వెదకఁబడునదను నర్థమునుండి దొరకనిదను నర్థమునకు మాట జాఱినది. వెదకులాటకును గొఱతకును గల చుట్టఱిక మీ యొక్క పదమునఁ గనుపట్టుచున్నది. అయినను నీ జాఱుపాటు వలననే 'సాట్-ఆఫ్టర్' అనుదానికి నేఁటి తెలుఁగున మృగ్యమని వ్రాయరాదు. మృగ్యుఁడైన వైద్యుఁడన్నచో వైద్యుఁడు లేఁడనియే చదువరి తలఁచును.

'ఎలిజిబుల్' అను మాటయు నీ కుదురునకుఁ జేరినదే. లాటినున నేఱుట, ఎన్నుకొనుట యను నర్థముగల క్రియనుండి యది పుట్టినది. నియమములకు సరిపడినవాఁడని కార్యాలయములలోని యర్థము. సంబంధములు వెదకువారు కోరు వరుఁడని లోకములోని యర్థము. మొదటిదానికి 'అర్హుఁడు' సరిపోవును. రెండవదానికి 'వరణీయుఁడు' సరిగా నతుకును. ఎన్నుకొనుట యర్థమైన వృధాతువే రెండు శబ్దములకును మూలమగుటచే వరశబ్దమునకే యీ పోలిక గలదు. 'కవెటెడ్' అను మాట మఱియొక తెఱఁగుది. పరుల సొత్తు నాశించుటను నిషేధించు బైబిలు దశమాజ్ఞలో నాంగ్లానువాదకులు వాడిన క్రియయే దీనికి మూలము. పాపమునకుఁ బేరైన యా క్రియనుండి పుట్టిన విశేషణము నేఁడు బహుమానములకును బదవులకును బొగడ్తగాఁ జెల్లుచున్నది. నిందార్థకము స్తుత్యర్థకమైన దీనిని 'స్పృహణీయ' శబ్దముతోఁ దెలుఁగు చేయవచ్చును.

ఇఁక 'డిమాండ్'. ఈ పదముయొక్క ప్రయాణము దీర్ఘమైనది. లాటినున 'దేమందారే' యనఁగా నప్పగించుట. ఫ్రెంచిలో నది యడుగుట యైనది. నేఁటికిని ఫ్రెంచివాఁడు 'దెమాందే' యన్నచో సామాన్యముగా నడుగుటయే. ఆంగ్లమున నదియే హక్కుతో నడుగుటగా, గట్టిగా నడుగుటగా మాఱినది. ఈ పుట్టుక వలన నాంగ్లమున దీనికి రెండర్థములు నిలిచినవి. ఒకటి వివాదమునఁ బట్టుపట్టి యడుగు కోరిక, రెండవది యంగడిలోఁ గొనువారి కోరిక. తెలుఁగు పత్రికలీ పదమును రెండర్థములతోను స్వీకరించినవి. కార్మికుల డిమాండ్లు మొదటివి. పండుగదినములలోఁ బూల డిమాండు రెండవది. ఈ రెండవ యర్థమునకుఁ దెలుఁగున నంతకుముందే 'గిరాకి' గలదు. కొందఱు పండితులు గిరాకినిఁ దురకమాటయని వ్రాఁతలో నుండనీయరు. కాని కన్నడమున 'గిరాకి' యనఁగాఁ గొనుగోలుకాఁడు. మరాఠీలో నదే యర్థమున 'గిర్హాయీక్' కలదు. అది సంస్కృత 'గ్రాహక' శబ్దభవము. గ్రహించువాఁడు గ్రాహకుఁడు, గ్రాహకులు గలిగియుండుట గిరాకి. పరదేశివలెఁ గనఁబడు నీ మాట యింటిబిడ్డయే యని గుర్తించినచోఁ బాఠ్యగ్రంథములలో దానికిఁ జోటిచ్చుట కెవరికిని సంకోచముండదు.

అయితే డిమాండును గోరికతో నొక్కటి చేయరాదు. ఈ భేదమును 1776లోఁ బ్రకటితమైన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' అను గ్రంథమున ఆడం స్మిత్తు స్పష్టపఱచెను. కటికపేద యాఱుగుఱ్ఱముల బండిని గోరవచ్చును గాని యాతని కోరిక సరకును సంతకుఁ దెప్పింపఁజాలదు. వెల యీయఁగలవాని కోరికయే కార్యకారియైన డిమాండని యాతని సిద్ధాంతము. ఇది కేవలము శాస్త్రకారుల సూక్ష్మము కాదు. 1832-33 సంవత్సరములలో గుంటూరు మండలమును బీడించిన కఱవు డొక్కల కఱవని నేఁటికిని జెప్పుకొనఁబడుచున్నది. అట్టి కఱవులో ధాన్యము నందఱికంటె నెక్కుడుగాఁ గోరినవాఁడు చేతఁ గాసులేని కూలివాఁడు. స్మిత్తు చెప్పిన యర్థమున నాతని యాఁకలి డిమాండు కాదు. 1943 నాఁటి వంగదేశపుఁ గఱవును బరిశీలించి, తిండి యుండుట వేఱు, దానిని బొందు శక్తి యుండుట వేఱని అమర్త్య సేను 1981లోఁ బ్రకటించిన గ్రంథమున నిరూపించెను. కావున 'డిమాండు తగ్గినది' అను వాక్యమును 'జనులకుఁ గోరిక తగ్గినది' యని మార్చిన యనువాదకుఁడు, కొనలేనివానిని గోరనివానిగాఁ జేసిన దోషమును బొందును. 'గిరాకి తగ్గినది' యన్నచో నట్టి దోషము లేదు. కొనువారు తగ్గిరని మాత్రమే యది చెప్పును. గ్రాహకునినుండి పుట్టిన మాట గ్రాహకుని మఱువలేదు.

నాల్గవది కొఱత. ఆంగ్లమున 'ఎట్ ఎ ప్రీమియమ్' అను పలుకుబడి గలదు. దీనికి మూలమైన 'ప్రైమియుమ్' అను లాటినుపదమునకు లాభము, బహుమానము నని యర్థములు. వ్రాసిన వెలకంటె నెక్కువ వెలకు వాటాలు చెల్లునపుడు వర్తకులీ పలుకును వాడిరి; అటనుండి దొరకుట యరుదై విలువ హెచ్చినదని సామాన్యార్థ మేర్పడినది. నగరములలో నివేశనస్థలము ప్రీమియమున నున్నదన్నచో స్థలము చాలదని భావము. దీనికిఁ దెలుఁగున నందమైన మాట 'ప్రియము'. సంస్కృతమునఁ బ్రియమనఁగా నిష్టమైనది; తెలుఁగున దానికి వెల హెచ్చినదను నర్థముగూడఁ గలదు. తెలంగాణమున నది 'పిరము' అను రూపమున నేఁటికిని సంతలలో వినఁబడును; దానికి వ్యతిరేకము 'అగ్గువ'. ఆంగ్లమున 'డియర్' అనుదానికిఁగూడ నిష్టమైనదనియు, వెలహెచ్చినదనియు రెండర్థములు గలవు. రెండు భాషలు నొండొంటిని జూడకయే ప్రీతినిఁ బ్రియముతో ముడివేసినవి.

ఈ నాలుగు గుంపులకు వెలుపల మఱియొక గుంపు గలదు. అది గిరాకియొక్క చాంచల్యమునుఁ దెలుపును. 'వోగ్' అను ఫ్రెంచిపదమునకుఁ దెడ్లు వేసి పడవ నడుపుట మూలార్థము; తరంగముమీఁద సాఁగిపోవు పడవ నుండి లోకమున సాఁగుచున్న పోకడకుఁ బేరైనది. తెలుఁగున 'మోజు' దీనికిఁ దోఁబుట్టువు వంటిది. హిందూస్థానీలోని 'మౌజ్' దీనికి మూలము, అరబ్బీలో దానికి మొదటి యర్థము కెరటము. రెండును నీటిమీఁదనుండియే వచ్చినవి. రెండింటికిని నిలుకడ లేదు. 'ట్రెండ్' అను మాట ప్రాచీనాంగ్లమున దొర్లుట, తిరుగుట యను నర్థముగల క్రియనుండి వచ్చినది. 'రేజ్' అను మాట లాటినున వెఱ్ఱికుక్క రోగమునకుఁ బేరైన 'రేబిస్' నుండి ఫ్రెంచిద్వారా వచ్చినది. 18వ శతాబ్దాంతమున నది యెల్లవారు నెగఁబడు వేషభాషలకుఁ బేరైనది. 'క్రేజ్' అనఁగా మొదటఁ బగులఁగొట్టుట. మట్టిపాత్రల మెఱుఁగుపూఁతపైఁ బడు సన్నని పగుళ్లకుఁ గుమ్మరులు నేఁటికిని నీ మాటనే వాడుదురు. పగిలిన బుద్ధికి నిదియే పేరైనది. ఇప్పటి పత్రికలలో మాటిమాటికిఁ గనఁబడు 'వైరల్' అనుదానికి మూలమైన 'వైరస్' లాటినున విషము. వ్యాధి, పగులు, విషము! మూఁకకోరికను వర్ణించు నాంగ్లపదములలో నెన్నియో తామే దానిని దూషించుచున్నవి. 1636-37లో హాలండునఁ దులిప్పుదుంపలకై కలిగిన యాత్రమునకు 'మేనియా' యని యున్మాదవాచకమే పేరయ్యెను. మకే దానిని మితిమీఱ వర్ణించెనని తరువాతి చరిత్రకారులు చూపినను పేరు మాత్రము మాఱలేదు. ఇట్టిచోటులఁ దెలుఁగున 'వెఱ్ఱి' కలదు. క్రికెట్టు వెఱ్ఱి, నాటకాల వెఱ్ఱి యన్నచో నాంగ్లముననున్న నిందయుఁ జనవునుగూడ నిలిచియుండును; ప్రసిద్ధి యన్నచో రెండును బోవును.

మనుష్యుల విషయమున నాంగ్లము మఱికొన్ని వింతమాటలను సృష్టించినది. లండను టవరుకోటలోఁ బెక్కు శతాబ్దములు రాజులు సింహములను బెంచుచుండిరి. పట్టణమునకు వచ్చిన ప్రతివాఁడు వానిని జూడఁబోవుచుండెను. ఆ జంతుశాల 1835లో మూయఁబడినను, విందులలో నెల్లరుఁ జూడఁగోరు ఘనుని 'లయన్' అనుట మిగిలినది. 'టోస్ట్' అనఁగాఁ గాల్చిన రొట్టెముక్క; రుచికై దానిని ద్రాక్షమద్యమున వేయుచుండిరి. పానగోష్ఠిలోఁ బేరు దలఁపఁబడిన సుందరియు మద్యమున కట్లే రుచి దెచ్చునని 'టోస్ట్' అయ్యెను. దీనినిగూర్చిన యొక కథను 1709లో రిచర్డు స్టీలు తన 'టాట్లర్' పత్రికయందు వ్రాసెను. 'సెలిబ్రిటీ' యనుదానికి మూలమైన లాటినుపదమునకు జనసమ్మర్ద మర్థము. ఆ పేరు మనుష్యునకుఁ జెల్లుట 19వ శతాబ్దమున. ఈ మాటలు ముఖ్యముగాఁ దెలుపునది గుణమును గాదు, చుట్టు మూఁగిన మూఁకను. సింహమున కేమి యోగ్యత గలదని చూడవచ్చినవాఁ డడుగఁడు. చూచితినని చెప్పుకొనుటయే యాతనికిఁ గావలయును.

అమ్మకమునకు సంబంధించిన పదములు వీనికి భిన్నములు. అవి లెక్కకు లోఁబడినవి. 'బెస్ట్ సెల్లర్' అను మాట 1889 ప్రాంతమున నమెరికాలో వినవచ్చినది. 1895లో నచ్చటి 'బుక్‌మన్' పత్రిక యే పట్టణమున నే పుస్తకములు హెచ్చుగాఁ జెల్లుచున్నవో పట్టికలు ప్రకటింప నారంభించెను. కావున దీనిని 'ఉత్తమగ్రంథము' అనుట పొరపాటు. 'బెస్ట్' అనునది యిచ్చట నమ్మకమునకే విశేషణము కాని గుణమునకుఁ గాదు. 'మిక్కిలిగాఁ జెల్లిన పుస్తకము' అన్నచోఁ జాలును. వేఁడి రొట్టెలవలె నమ్ముడుపోయెనను నమెరికాపలుకును నేఁటి తెలుఁగుపత్రికలు 'హాట్ కేకుల్లా' యని దించుకొనుచున్నవి. ఆ రొట్టెలను గాల్చి తినని దేశమున నా యుపమానమునకు వేఁడి యుండదు. 'ఎగఁబడి కొనిరి', 'తెచ్చిన సరకు తెచ్చినట్లే చెల్లెను' అన్నచోఁ దెలుఁగుసంత కన్నులఁ గట్టును.

ఇచ్చట రెండు భాషల స్వభావమును గమనింపవలయును. ఆంగ్లము గిరాకిని విశేషణముగాఁ జేసి వస్తువునకుఁ దగిలించును, వెదకినవారెవరో చెప్పదు. తెలుఁగు సాధారణముగాఁ గ్రియతోఁ జెప్పును, వెదకువారిని జూపును. 'సాట్-ఆఫ్టర్ వైద్యుఁడు' అనుదానికిఁ దగిన యొక్క విశేషణము కొఱకుఁ దడవుకొనుటకంటె 'పొరుగూళ్లవారు బండ్లు కట్టుకొని యాయనను వెదకికొనివత్తురు' అనుట మేలు. ఆయన కంత గిరాకి యెందులకని యడిగినచో 'హస్తవాసి గలవాఁడు' అని చెప్పుటకుఁ దెలుఁగున మాట యున్నది. ఆంగ్లపదము గిరాకిని మాత్రమే చెప్పి కారణమును విడిచినచో, తెలుఁగుపదము కారణమును జెప్పి గిరాకిని బుద్ధికి విడుచును. ఒకదాని నొకటిగా మార్చునపుడు వాక్యమంతయుఁ గదలవలయును గాని మాటకు మాట పెట్టుట చాలదు.

కావున బోధకుఁడు విద్యార్థికి నేర్పవలసినది పర్యాయపదముల పట్టిక కాదు, నాలుగు ప్రశ్నలు. ఎఱుకయే ప్రధానమైనచోఁ బ్రసిద్ధుఁడు, విశ్రుతుఁడు, మెప్పైనచో జనప్రియుఁడు, వెదకి కొనుటయైనచో గిరాకి, కొఱతయైనచోఁ బ్రియము, అరుదు, నిలుకడలేని కోరికయైనచో మోజు, వెఱ్ఱి. ఈ మాట లన్నియుఁ దెలుఁగువారి నోళ్లలో నున్నవే. క్రొత్తగాఁ గల్పింపవలసిన దొక్కటియు లేదు. ప్రసిద్ధశబ్దము మంచిదే కాని యన్ని తలుపులకు నొకే తాళపుఁజెవి యైనచోఁ దాళముల కర్థముండదు. పల్లెలో వైద్యుఁడు లేఁడని చెప్పిన వాక్యము తెలుఁగునను వైద్యుఁడు లేఁడనియే చెప్పవలయును. అట్లు చెప్పలేనినాఁడు దోషము భాషది కాదు, మాట నేఱుకొన్నవానిదే యని విజ్ఞులు గ్రహింతురు గాక.